పండగ రోజుల్లో ఇంట్లో చావు జరిగితే: హైదరాబాద్‌లో ఏ పని ముందు, ఏ పని వెనక

మా మేనమామ డిసెంబరు 24 రాత్రి పోయారు. ఇల్లు సీతాఫల్‌మండిలో. క్యాండిల్ సర్వీసుకి అందరూ తయారయ్యారు. ‘మీరు నడవండి, కాసేపు నడుం వాల్చి నేనొస్తా’ అన్నారు. అత్తమ్మ చర్చి నుంచి వచ్చి లేపితే లేవలేదు. గేటుకు కట్టిన స్టార్ వెలుగుతూ ఆరుతూ ఉంది. వంటింట్లో గులాబి పూల పిండి గిన్నె మూతేసి అలాగే ఉంది. ఎవరికి ఫోన్ చేసినా ముందు ‘హ్యాపీ క్రిస్మస్’ అంటున్నారు. వాళ్లకు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

ఆ రాత్రి మేం చేసిన తప్పులు కొన్ని ఉన్నాయి. తర్వాత మా చర్చి సంఘంలో ఇలాంటి కబురు వచ్చినప్పుడల్లా వెళ్తూ నేర్చుకున్నవి కొన్ని. అన్నీ కలిపి రాస్తున్నాను. మాది క్రైస్తవ కుటుంబం కాబట్టి సమాధుల తోట సంగతులు ఎక్కువ ఉంటాయి. కాగితాల సంగతి మాత్రం ఏ ఇంటికైనా ఒకటే.

ముందు ఒక మనిషిని నిలబెట్టండి

కొడుకునీ కూతుర్నీ కాదు. వాళ్లను ఏడవనివ్వండి. అల్లుడి తమ్ముడో, పక్కింటి అన్నో, ఆఫీసు స్నేహితుడో, కాస్త దూరపు మనిషి కావాలి. ఆయన ఫోన్ నెంబరే అందరికీ ఇవ్వండి. ఒక నోట్‌బుక్, ఒక పెన్ను చేతిలో పెట్టండి. ఎవరికి ఎంత ఇచ్చాం, ఎవరితో ఏం మాట్లాడాం, అన్నీ అందులోనే రాయాలి. మా ఇంట్లో ముగ్గురు మూడు చోట్ల ఫ్రీజర్ బాక్స్ మాట్లాడారు. రెండు బాక్సులు ఇంటిముందు దిగాయి.

కొంత నగదు కూడా ఆయన దగ్గరే ఉండాలి. గుంట తవ్వేవాళ్లు, పెట్టె మోసుకొచ్చేవాళ్లు, అర్ధరాత్రి వచ్చే వ్యాన్ డ్రైవరు చాలాసార్లు చేతికి డబ్బే అడుగుతారు. పండగ రాత్రి ఏటీఎంలు ఖాళీగా ఉంటాయి, 25న బ్యాంకుకి సెలవు. అలాగని పోయినవారి ఏటీఎం కార్డు తీసి, పిన్ తెలుసు కదా అని డబ్బు డ్రా చేయకండి. ఖాతాదారు పోయాక ఆ ఖాతా నామినీ ద్వారానో వారసుల ద్వారానో తేలాలి. అన్నదమ్ముల మధ్య తర్వాత వచ్చే సగం గొడవలకి మూలం ఆ ఒక్క డ్రా.

డాక్టర్ కాగితం

అన్నిటికంటే పెద్ద పని ఇది, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను.

ప్రాణం ఉందేమో అన్న అనుమానం రవ్వంత ఉన్నా 108కి ఫోన్ చేయండి, ఛాతీ నొక్కడం తెలిసినవాళ్లు ఉంటే మొదలుపెట్టించండి. అక్కడ లెక్కలు వేసుకోవద్దు. కానీ చాలాకాలంగా జబ్బుతో ఉన్న పెద్దమనిషి నిద్రలోనే పోయి, ఒళ్లు చల్లబడి చాలాసేపయిందని తెలుస్తుంటే, కంగారుగా కారులో వేసుకుని దగ్గర్లోని పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీకి పరిగెత్తకండి. అక్కడి డాక్టరుకి ఆయన చరిత్ర తెలియదు. ‘తీసుకొచ్చేసరికే మరణించారు’ అని రాస్తారు. కారణం రాయడానికి ఒప్పుకోరు. పోలీసులకు కబురు వెళ్తుంది, పోస్టుమార్టం మాట వస్తుంది. వాళ్ల తప్పు కాదు. తెలియని మనిషి చావుకి కారణం వాళ్లు ఎలా రాస్తారు?

అందుకే వైద్యం చేసిన డాక్టరునే ఇంటికి పిలిపించుకోవాలి. ఇంట్లో జరిగిన మరణానికి ఆయన ఇచ్చే కారణ ధ్రువీకరణ పత్రాన్ని ఫారం 4ఏ అంటారు. ఆసుపత్రిలో జరిగితే ఫారం 4. పండగకి డాక్టరు ఊరెళ్లి ఉంటే? ఆయన పనిచేసే ఆసుపత్రికే ఫోన్ చేసి డ్యూటీ డాక్టరుని అడగండి. పాత డిశ్చార్జి సమ్మరీ, చివరి ఈసీజీ, మందుల చీటీలు ముందు పెట్టండి. మా మేనమామకి అంతకుముందు రెండు స్టెంట్లు వేశారు. ఆ ఫైలు బీరువా మీద సూట్‌కేసులో దొరికేసరికి రాత్రి రెండయింది. మీ ఇంట్లో గుండె జబ్బో, షుగరో, డయాలసిసో ఉన్నవాళ్లుంటే ఆ ఫైలు ఎక్కడుందో ఇవాళే చూసి పెట్టుకోండి.

కాగితం చేతికొచ్చాక అక్కడే నిలబడి చదవండి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా? ఇంటిపేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు సరిపోయాయా? కారణం దగ్గర ఒట్టి ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని రాసి వదిలేస్తే మర్యాదగా అడగండి. గుండె, ఊపిరి ఆగడం అందరికీ జరిగేదే, అది కారణం కిందికి రాదు. ఏ జబ్బు వల్ల ఆగాయో రాయాలి. ఇన్సూరెన్సువాళ్లు పట్టుకునేది ఇక్కడే. ఆసుపత్రిలో జరిగిన మరణమైతే కారణ పత్రం ఒక కాపీ దగ్గరి బంధువుకి కూడా ఇవ్వాలని 2023 సవరణ చట్టం చెప్తోంది. అడిగి తీసుకోండి.

ఇంకోటి, తేదీ. మా మేనమామ 24న పోయారో, 25 వచ్చాక పోయారో ఎవరికీ తెలియదు. డాక్టరు 24 రాత్రి 11.40 అని రాశారు. ‘ప్రభువు పుట్టిన రోజునే పిలుపొచ్చింది’ అని మా పెద్దమ్మ పట్టుబట్టి సమాధి రాయి మీద 25 చెక్కించింది. రాయి మీద ఏదున్నా నడుస్తుంది. కానీ చర్చి రిజిస్టరులోనూ 25 అని ఎక్కించారు, దాన్ని మార్పించడానికి రెండు నెలలు తిరిగాం. డాక్టరు రాసిన తేదీనే అన్ని కాగితాల్లోనూ వాడండి.

పోలీసుల దాకా వెళ్లే మరణమైతే

రోడ్డు ప్రమాదం, మెట్ల మీంచి పడటం, కాలిన గాయాలు, విషం, ఉరి, ఆరోగ్యంగా ఉన్న వయసు పిల్లలు ఉన్నట్టుండి పోవడం. వీటిలో ఏదైనా దాచిపెట్టి సమాధి చేయాలని ఎవరు చెప్పినా వినకండి, అది పెద్దవాళ్లు చెప్పినా సరే. 112కి చెప్పండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 194 సెక్షన్ కింద పోలీసులు పంచనామా చేస్తారు. పాత సీఆర్‌పీసీలో ఇదే 174. పంచనామా మీద సంతకం పెట్టేముందు చదివించుకోండి. దేహాన్ని స్టేషన్ పరిధిని బట్టి గాంధీకో ఉస్మానియాకో పంపిస్తారు.

సాయంత్రం దాటితే పోస్టుమార్టం తెల్లారాకే అన్న మాట పాతబడింది. వసతులున్న ఆసుపత్రుల్లో రాత్రి కూడా చేయొచ్చని 2021 నవంబరులో కేంద్రం అనుమతించింది. హత్య, ఆత్మహత్య, అనుమానం ఉన్న కేసులకి మాత్రం అది మామూలుగా వర్తించదు. పండగ పూట సిబ్బంది తక్కువ ఉంటారు, అదొకటి. కాబట్టి పోస్టుమార్టం పూర్తయి దేహం చేతికి వచ్చేదాకా సమాధి టైము ఎవరికీ చెప్పకండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, పంచనామా కాపీ తీసుకోండి, పోస్టుమార్టం రిపోర్టు తర్వాత వస్తుంది. ఇంటికి తీసుకురావడానికి వ్యాను మాట్లాడేముందు, సర్కారు దవాఖానలో ఉచిత పార్థివ వాహనం ఉందేమో అడగండి. మార్చురీ ముందు ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ, బేరాలాడేవాళ్లు ఎక్కువ.

కళ్లు ఇవ్వాలనుకుంటే

ఆరు గంటల్లోపు తీసుకోవాలి. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్యాలయంలో ఐ బ్యాంకు ఉంది, ఫోన్ చేస్తే ఇంటికే వస్తారు. వాళ్లు వచ్చేలోపు ఫ్యాన్ ఆపి, కనురెప్పలు మూసి, పైన తడి దూది పెట్టి, తల కింద దిండు వేయండి. కళ్లజోడు పెట్టుకున్నా, కంటిశుక్లం ఆపరేషన్ అయినా ఇవ్వొచ్చు. ముఖం చెడదు.

ఎక్కడ ఉంచాలి

సొంతిల్లయితే ఫ్రీజర్ బాక్స్ చాలు. చాలా చర్చిలకి సొంత బాక్స్ ఉంటుంది, ముందు అక్కడ అడగండి. బయట తెప్పిస్తే మూడు మాటలు తేల్చుకోండి: రోజుకెంత, అడ్వాన్సు ఎంత, మెట్లెక్కించి ఇస్తారా లేక గేటు దగ్గర దింపి పోతారా. ప్లగ్గు నేరుగా గోడకే పెట్టండి. క్రిస్మస్ సీరియల్ లైట్లు తగిలించి ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకే దీన్నీ తగిలించి ఒకింట్లో ఫ్యూజ్ కొట్టేశారు. గంటన్నర తర్వాతగానీ ఎవరూ చూడలేదు. కింద నీళ్లు కారతాయి, పాత తువ్వాలు వేయండి. ఒకటి రెండు రోజులకి బాక్స్ సరిపోతుంది. అమెరికా నుంచి కొడుకు రావాలి, నాలుగు రోజులు పడుతుంది అంటే ఆసుపత్రి మార్చురీయే నయం. పండగ సీజన్‌లో టికెట్టు దొరకడమే కష్టం, దొరికినా కనెక్టింగ్ ఫ్లయిటు తప్పిపోతుంది. వచ్చేవాళ్లు విమానం ఎక్కి కూర్చున్నాకే తేదీ వేయండి.

అపార్ట్‌మెంటయితే బాక్స్ లిఫ్టులో పట్టదు. సెల్లారులో, పార్కింగులో టెంటు వేసి ఉంచడానికి అసోసియేషన్ సెక్రటరీని నిద్రలేపైనా అడగండి. ఎవరూ కాదనరు. ఆ పక్కనే క్రిస్మస్ చెట్టు, రంగుల బుడగలు ఉంటే వాళ్లే తీసేస్తారు.

అద్దె ఇంటి సంగతే చేదు. ఈ ఊళ్లో చాలామంది ఓనర్లు శవాన్ని గేటు లోపలికి రానివ్వరు. మా సంఘంలో ఒక తల్లి పదకొండేళ్లు అద్దె కట్టిన ఇంటిముందు, రోడ్డు మీదే కొడుకు పెట్టె పెట్టించుకుంది. ఆ రాత్రి ఆ ఓనరుతో కొట్లాడే ఓపిక ఎవరికి ఉంటుంది? కొట్లాడకండి. అయ్యగారితో, అంటే పాస్టరుగారితో, మాట్లాడి చర్చి ఆవరణలో గాని, హాల్లో గాని ఉంచండి. లేదంటే రాత్రికి మార్చురీలో ఉంచి, పొద్దున నేరుగా చర్చికి తీసుకురండి. అన్న ఇల్లో అక్క ఇల్లో సొంతదయితే అక్కడికి. తల్లిదండ్రులకు వయసు మీదపడి అద్దె ఇంట్లో ఉంటే, ఈ ఒక్క విషయం ముందే ఇంట్లో మాట్లాడుకోవడం మేలు.

చర్చి, సమాధుల తోట, టైము

అయ్యగారికి 24 రాత్రి సర్వీసు, 25 తెల్లవారుజామున ఒకటి, పొద్దున ఇంకొకటి ఉంటాయి. ఫోన్ ఎత్తరు. సంఘ కార్యదర్శికో, పాస్టరమ్మకో చెప్పండి. 25నే చేయాలంటే మధ్యాహ్నం మూడు తర్వాత పెట్టుకుంటే అందరికీ వీలవుతుంది. తెలంగాణలో 26 కూడా సర్కారు సెలవే, కాబట్టి ఎక్కువమంది ఆ రోజే పెట్టుకుంటారు. మెదక్ చర్చికి వెళ్లిన బంధువులుంటే వాళ్లకి కూడా 26 అయితేనే అందుతుంది. 1924 క్రిస్మస్ రోజునే ప్రతిష్ఠ జరిగిన చర్చి అది. ఆ రోజు ఆ జనంలో ఫోన్ మోగినా వినపడదు.

క్యాథలిక్కులయితే ఒకటి గుర్తుంచుకోండి. డిసెంబరు 25న భూస్థాపన పూజ చేయరు, అంటే మృతుల కోసం దివ్యబలి ఉండదు. ప్రార్థనలతో సమాధి కార్యక్రమం చేసి, పూజ తర్వాతి రోజు పెట్టుకోవచ్చు. ఫాదర్ కుదరదన్నారని బాధపడకండి, నియమమే అది.

తర్వాత జాగా. నారాయణగూడ, భోయిగూడ వంటి పాత తోటల్లో కొత్త గుంటకి చోటు దొరకడం కష్టం. కుటుంబ సమాధి ఉంటే దాన్నే తెరిచి అందులో ఉంచుతారు. దానికి పాత రసీదు, లేదా రాయి మీద పేరు, తేదీ కావాలి. పైగా అయ్యగారి లెటరు, సంఘ సభ్యత్వం, చందా రసీదులు అడుగుతారు. చందా బాకీ ఉందని ఆ రోజు వాదించుకోవడం ఇద్దరికీ సిగ్గే. కట్టేసి రసీదు తీసుకోండి. చిన్న ప్రార్థన మందిరాలకి వెళ్లేవాళ్లకి ఈ చిక్కు ఎక్కువ, ఎందుకంటే వాళ్లకి సొంత తోట ఉండదు. పెద్ద సంఘంలో సభ్యులైన బంధువులెవరో ఆ రాత్రే వెతకాలి.

తోట కాపలాదారుకి వెంటనే చెప్పండి. రాయి పలక తీసి, తవ్వి, కట్టుబడి సరిచేయడానికి పూట పడుతుంది. వాళ్లకీ పండగే. శవపేటిక కూడా రాత్రే చెప్పి ఉంచండి. మనిషి పొడవు టేపుతో కొలిచి చెప్పాలి, ‘మామూలు సైజే’ అంటే కుదరదు. మా మేనమామ ఆరడుగుల రెండంగుళాలు.

31 రాత్రి అయితే ఇంకో మాట. కొత్త సంవత్సరం గొడవకి పోలీసులు ఫ్లైఓవర్లు చాలా వరకు మూసేస్తారు, నెక్లెస్ రోడ్డు వైపు బండ్లు పోనివ్వరు. ఆ రాత్రి పదింటి తర్వాత దేహాన్ని ఊరి ఒక కొస నుంచి ఇంకో కొసకి తరలించే పని పెట్టుకోకండి.

కబురు ఎవరికి, ఎలా

ముందు ఫోన్లు, ఆ తర్వాతే వాట్సాప్. ముంబైలో ఉన్న చెల్లెలు స్టేటస్ చూసి తెలుసుకోకూడదు. రక్తసంబంధీకుల పేర్లు నోట్‌బుక్‌లో రాసి, చెప్పినవాళ్ల పేరు పక్కన టిక్కు పెట్టండి. పెద్ద వయసువాళ్లకి ఫోన్‌లో చెప్పకుండా, వాళ్లింట్లో ఎవరైనా పక్కన కూర్చున్నాకే చెప్పించండి. ఆ తర్వాత ఒకే మెసేజ్ అందరికీ వెళ్లాలి. పూర్తి పేరు, వయసు, ఎప్పుడు పోయారు, దేహం ఎక్కడుంది, ఎన్నింటికి చర్చిలో, ఎన్నింటికి తోటలో, దగ్గర గుర్తు, ఫోన్ చేయాల్సిన ఒకే ఒక్క నెంబరు. అంతే. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ‘మేం వచ్చేదాకా ఆపండి’ అంటారు. అందరి కోసం ఆపలేం. ఎవరి కోసం ఆగాలో భార్యో భర్తో చెప్తే చాలు, మిగతావాళ్ల మాట పక్కన పెట్టండి.

క్యారల్స్ బృందానికి కూడా చెప్పడం మరవకండి. 21న చావు జరిగిన ఇంటికి 22 రాత్రి పక్క సంఘంవాళ్లు డప్పుతో, శాంటా వేషంతో వచ్చి గేటు ముందు పాట ఎత్తుకున్నారు. లోపల పెట్టె ఉంది. శాంటా వేసిన పిల్లాడు గడ్డం తీసి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

బట్టలు, వంట, పిల్లలు

పండక్కి కుట్టించిన బట్టలుంటే అవే వేయండి. మా మేనమామ చొక్కా ఇంకా టైలర్ దగ్గరే ఉంది. క్రిస్మస్ ముందు రాత్రి కదా, కొట్టు అర్ధరాత్రి దాటినా తెరిచే ఉంది. సంగతి చెప్పగానే ఆయన మిషన్ ఆపి, కాజాలు కుట్టి, గుండీలు తనే చేత్తో కుట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. ఒళ్లు బిగుసుకుపోకముందే బట్టలు వేయాలి, నాలుగైదు గంటలు దాటితే చొక్కా వెనక కత్తిరించి తొడగాల్సి వస్తుంది.

ఇంట్లో పొయ్యి వెలిగించకపోయినా షుగరు ఉన్నవాళ్లకి వేళకింత పెట్టాలి. ఎవరైనా ‘ఏం కావాలి?’ అని అడిగితే ‘ఏమీ వద్దు’ అనకండి. ‘పొద్దున ఇరవై మందికి ఇడ్లీ’ అని చెప్పండి, వాళ్లకీ చేయడానికో పని దొరుకుతుంది. పిల్లలకి ‘తాతయ్య నిద్రపోతున్నాడు’ అని చెప్పొద్దు, తర్వాత నిద్రంటేనే భయపడతారు. చనిపోయాడనే చెప్పండి.

స్టార్ తీసేయాలా వద్దా అని ప్రతి ఇంట్లోనూ ఒక చర్చ నడుస్తుంది. అది ఆ ఇంటి ఇల్లాలికి వదిలేయండి. మా అత్తమ్మ ఉంచమంది. ‘ఆయన కట్టిందే కదా’ అంది.

జనవరిలో

జనన మరణాల నమోదుకు గడువు 21 రోజులు. లెక్కేసి చూడండి: డిసెంబరు 25కి 21 కలిపితే జనవరి 15, సరిగ్గా సంక్రాంతి సెలవుల మధ్యలో. కాబట్టి జనవరి మొదటి వారంలోనే ముగించండి. ఆసుపత్రిలో జరిగితే వాళ్లే నమోదు చేస్తారు, చేశారో లేదో అడగండి. ఇంట్లో జరిగితే ఫారం 4ఏ, సమాధుల తోట రసీదు, ఆధార్ కాపీలతో మీరే బల్దియా సర్కిల్ ఆఫీసుకి వెళ్లాలి. కంటోన్మెంట్ పరిధి అయితే కంటోన్మెంట్ బోర్డుకి. కాపురం ఉన్న చోట కాదు, ప్రాణం పోయిన చోటే లెక్క. తర్వాత మీసేవలో డెత్ సర్టిఫికెట్ కాపీలు ఒకేసారి పది తీసుకోండి.

పాస్‌బుక్కులన్నీ తిప్పి చూడండి. మే నెలాఖరులో 436 రూపాయలు కట్ అయి ఉంటే అది జీవన్ జ్యోతి బీమా, 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలు కట్ అయి ఉంటే సురక్షా బీమా, ప్రమాద మరణమైతే దానికింద ఇంకో 2 లక్షలు. చాలా ఇళ్లలో ఈ సంగతి పోయినవారికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఉద్యోగంలో ఉండగా పోతే పీఎఫ్‌తో పాటు ఈడీఎల్‌ఐ కూడా అడగండి, అది పీఎఫ్‌కి జతగా ఉండే బీమా, 7 లక్షల దాకా ఉంటుంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి కూడా మీసేవలోనే దరఖాస్తు, ఇచ్చేది తహసీల్దారు.

ఫోన్ ఆపేయకండి. బ్యాంకు ఓటీపీలు, గ్యాసు, కరెంటు అన్నీ ఆ నెంబరుకే ముడిపడి ఉంటాయి. అన్ని ఖాతాలూ తేలేదాకా రీచార్జ్ చేయిస్తూ ఉండండి, ఛార్జింగ్‌లో పెట్టండి. దాంతో పాటు ఒక మెసేజ్ రాసి పెట్టుకోండి, ఎందుకంటే డిసెంబరు 31 రాత్రి పన్నెండింటికి, సంగతి ఇంకా తెలియనివాళ్ల శుభాకాంక్షలు ఆ నెంబరుకే వస్తాయి. మా మేనమామ ఫోన్‌కి నలభై ఆరు వచ్చాయి. మా బావ వరండాలో కూర్చుని ఒక్కొక్కరికీ జవాబిచ్చాడు.